చేతులు కదలని పరీక్ష

కార్లన్నీ తమంతట తామే నడుస్తున్న కాలం కనుక, డ్రైవింగ్ పరీక్ష మరీ కష్టమైపోయింది. ముందు సీట్లోని మనిషి రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి, ఏమీ చేయకుండా కూర్చోవాలి. దీనికి ఉన్నత శిక్షణ అని పేరు, నెలల తరబడి క్లాసులు. ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ముందు కూర్చుంటే తప్ప, సొంత కారైనా అద్దె కారైనా గేటు దాటదు.

కాకినాడలో పేరిందేవి కూతురు హైమకి నెలలు నిండాయి. అల్లుడు ఓడ ఉద్యోగంలో సముద్రం మీద ఉన్నాడు. కాన్పుకి తీసుకెళ్లాల్సింది పేరిందేవే. ఆవిడేమో పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఆంజనేయస్వామి గుడి ముందు చేతులు వాటంతటవే లేచి దండం పెట్టేశాయి.

"బండి దానంతటదే నడుస్తుంది కదా బాబూ. ఖాళీ చేతులేగా, స్వామికి దండం పెడితే తప్పేంటి?" అని వెనక కూర్చున్న ఇన్‌స్పెక్టర్ని అడిగింది.

"రేపు ఎవర్నయినా గుద్దితే తప్పు మీ చేతులదని రాయాలండీ. అవి అక్కడ లేకపోతే ఎవరి మీద రాస్తాం, కంపెనీ మీదా?" అన్నాడాయన.

మూడోసారి గుడి రాగానే పేరిందేవి పళ్లు బిగించి స్టీరింగ్ పట్టుకుంది. వెనక ఇన్‌స్పెక్టరు మాత్రం కళ్లు మూసుకుని నిండుగా దండం పెట్టుకున్నాడు.

"పాసయ్యారండీ" అన్నాడు.

ఆ వారమే హైమకి నొప్పులొచ్చాయి. కారు బుద్ధిగా ఆస్పత్రి దారి పట్టింది. వెనక సీట్లోంచి హైమ మూలిగింది.

"అమ్మా, గుడొచ్చింది! నాకోసం ఓ దండం పెట్టవే!"

పేరిందేవి చేతులు స్టీరింగ్ మీంచి లేవలేదు.

"నువ్వే పెట్టుకో తల్లీ. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను."