తల తిప్పకు

"తల తిప్పకు!"

నెట్ వెనక నుంచి ఎవరో అరిచారు. రంపంతో కోసినట్టుంది ఆ గొంతు.

ఆమె వినిపించుకోలేదు. తర్వాతి బంతి ఛాతీ ఎత్తుకు లేచింది. వెనక కాలు పక్కకు జారింది. ముఖం అటు తిరిగిపోయింది. బ్యాటు గాలిని కొట్టింది.

"మళ్ళీ తిప్పావు! పారిపోయేదానివి ప్యాడ్లు కట్టుకోవడం దేనికి?"

ఆమెకు ఒళ్ళు మండింది.

జట్టులో అందరూ ఆమెను మిరపకాయ అని పిలిచేది ఊరికే కాదు. ఓపెనర్‌గా దిగుతుంది. స్పిన్నర్లను ఉతికి ఆరేస్తుంది. ఫాస్ట్ బౌలింగ్ అనేసరికి మాత్రం కాలు మాట వినదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసిన సంగతే పదిమందిలో ఎవరో అరిచి చెబితే మండదూ మరి?

వెనక్కి తిరిగి చూసింది. పొడుగాటి మనిషి. చెమటకు తడిసిన చొక్కా, చేతిలో నలిగిన టోపీ. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"మీరెవరండీ నాకు చెప్పడానికి?"

"ఎవరైతే ఏం? ఆదివారం ఇదే గ్రౌండ్‌లో ఫైనల్. నీకు బంతి వేసేది పిడుగు. తెలుసా?"

తెలియకేం! అవతలి జట్టు ఫాస్ట్ బౌలర్. ఆ అమ్మాయి అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. ఆ వేగం చూసినవాళ్ళకు పిడుగు అనే మాటే నోట్లోకి వస్తుంది.

"వెయ్యనివ్వండి. చూసుకుంటా."

"చూడవు. అదే నీ జబ్బు. బంతి లేవగానే కళ్ళు మూసుకుని తల తిప్పేస్తావు."

రమ్మనకుండానే ఆయన నెట్ లోపలికి వచ్చేశాడు. టెన్నిస్ బంతిని బకెట్ నీళ్ళలో ముంచి, సగం దూరంలో నిలబడి, బలంగా విసిరాడు.

అది హెల్మెట్ అంచు కింద, చెవి వెనక తగిలింది. నీళ్ళు మెడ మీదుగా వీపులోకి కారాయి.

"చెయ్యి పెట్టి చూసుకో, ఎక్కడ తడిసిందో! అక్కడ హెల్మెట్ లేదు. ముఖం బంతి వైపుంటే గ్రిల్ కాపాడుతుంది. తల తిప్పితే నిన్ను కాపాడేదేదీ లేదు."

"మీదికొస్తుంటే ఎవరైనా తిప్పుతారు!"

"బంతిని చివరిదాకా చూసేవాళ్ళు తిప్పరు. వెనక కాలు పక్కకు కాదు, వికెట్ల ముందుకు వెయ్యి. చేతులు దించు. బంతిని ముక్కు ముందు నుంచి పోనీ."

మళ్ళీ విసిరాడు. మళ్ళీ తగిలింది. పక్క నెట్‌లో వాళ్ళు కిసుక్కుమన్నారు.

"నీ పౌరుషమంతా నోట్లోనే ఉంది. కాళ్ళలో లేదు!"

ఆ మాటకు ఆమె కళ్ళు నిప్పులు కక్కాయి. వచ్చే బంతి ఆ మనిషే అన్నట్టు గుడ్లురిమి చూసింది. రెప్ప వెయ్యలేదు. బంతి ముక్కు ముందు నుంచి నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది.

"అదీ! ఇంకోటి!"

ఆమె బ్యాటు నేలకేసి కొట్టింది. తిన్నగా కోచ్ దగ్గరికి నడిచింది.

"దారిన పోయేవాళ్ళు వచ్చి మమ్మల్ని బంతులతో కొడుతుంటే చూస్తూ కూర్చుంటారా సార్?"

"కోపంగా చెప్పాడు గానీ, చెప్పింది తప్పు కాదమ్మా."

"అయితే ఆయన్నే ఓపెనింగ్‌కు పంపండి. ఆ మనిషి ఇంకోసారి ఈ గేటు దాటి లోపలికొస్తే నేను ఫైనల్ ఆడను!"

కోచ్‌కు వేరే ఓపెనర్ లేదు. నిట్టూర్చి, వాచ్‌మన్‌ను పిలిచాడు.

ఆయన వాదించలేదు. టోపీ పెట్టుకుని నడిచాడు. గేటు దగ్గర ఆగి మాత్రం అరిచాడు.

"నా మీద ఎంత కోపమైనా పెట్టుకో. తల మాత్రం తిప్పకు!"

గేటు ధడేలున మూసుకుంది. ఆ చప్పుడుకు ఆమె కడుపు చల్లబడింది.

ఫైనల్లో పిడుగు మొదటి బంతే గొంతు మీదికి వేసింది.

మిరపకాయ కాలు పక్కకు లాగింది. చెవిలో ఆ రంపం గొంతు. పారిపోయేదానివి! కోపం నషాళానికంటింది. కాలు వెనక్కి, వికెట్ల ముందుకు పడింది. కళ్ళు బంతిని వదల్లేదు. అది ముక్కు ముందు నుంచి రివ్వున పోయింది.

తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదాన్ని బౌండరీ దాటించింది. చివరిదాకా నిలబడి జట్టును గెలిపించి గానీ బయటికి రాలేదు.

ఫోటోలయ్యాక, బ్యాగు భుజాన వేసుకుని గేటు వైపు వచ్చేసరికి అక్కడ గొడవ జరుగుతోంది. పిడుగు వాచ్‌మన్ మీద విరుచుకుపడుతోంది.

"మా నాన్ననెందుకు ఆపావన్నా? నేను బంతి పట్టినప్పట్నుంచీ నా ఆట ఒక్కటీ వదల్లేదాయన!"

"నన్నేం చెయ్యమంటావమ్మా? లోపలికి రానివ్వొద్దన్నారు. ఎవరో అమ్మాయి పట్టుబట్టిందట."

"ఎవరట ఆ మహాతల్లి?"

మిరపకాయ బ్యాగును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

పిడుగు ఆమెను చూసింది. విసురుగా దగ్గరికొచ్చి, ఒక్కసారిగా గొంతు తగ్గించింది.

"నీకేం తగల్లేదుగా?"

"లేదు."

"హమ్మయ్య. సెమీస్‌లో నా బంతికి ఒకమ్మాయి తల తిప్పేసింది. చెవి వెనక తగిలింది. ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఇక బౌలింగే చెయ్యనని ఏడ్చాను. నాన్న ఒప్పుకోలేదు. నువ్వు వేగం తగ్గించకు, అవతలివాళ్ళ సంగతి నేను చూసుకుంటా అన్నాడు. ఏం చూసుకున్నాడో ఏమో, నాకైతే చెప్పలేదు."

వాచ్‌మన్ గేటు తీశాడు.

ఊచలు పట్టుకుని ఎండలో నిలబడ్డ ఆ పొడుగాటి మనిషి, "నాన్నా!" అంటూ పరిగెత్తుకొస్తున్న కూతురి కంటే ముందు, మిరపకాయ తల వైపే చూశాడు.