పతకం లేని ఆట

“నేను దిగనమ్మా. బెంచీ మీదే కూర్చుంటానని కోచ్‌కు చెప్పేశాను.”

ఆటగాళ్లు మైదానంలోకి వెళ్లే సొరంగం దగ్గర నిలబడి విల్బర్ ఆ మాట అన్నాడు. అవతల లాస్ ఏంజలెస్ స్టేడియం హోరెత్తిపోతోంది. తోలు హెల్మెట్‌ను చేతుల్లో తిప్పుతూ నేల చూస్తున్నాడు తప్ప హెస్టర్ ముఖం చూడడం లేదు.

“కూర్చోవడం చూడ్డానికి నేను బేకర్స్‌ఫీల్డ్ నుంచి రైలెక్కి రావాలా? ఇంట్లో కుర్చీలు లేకనా?” అంది హెస్టర్.

నవంబరు సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆ రోజు ఎదుటి కాలేజీ కుర్రాడొకడు బంతి చంకన పెట్టుకుని దూసుకొస్తుంటే విల్బర్ అడ్డంపడి, నడుం పట్టి పడగొట్టాడు. నియమం తప్పలేదు. ఎవరూ తప్పు పట్టలేదు కూడా. కానీ ఆ కుర్రాడు మళ్లీ లేవలేదు.

ఆ తరవాత విల్బర్ బంతి ముట్టలేదు. తిండి మీద ధ్యాస పోయింది. చలికాలమంతా హెస్టర్ ఆదివారం ఆదివారం వచ్చి, అతని అద్దె గదిలో కూర్చుని, తాను తెచ్చింది తినేదాకా కదిలేది కాదు. మొదట్లో అతను తలుపు తీసేవాడు కాదు. అప్పుడు మెట్ల మీద కూర్చునేది. చదువు ముగిశాక, ఒలింపిక్స్‌లో ఆడే పడమటి కాలేజీల జట్టు నుంచి పిలుపు వస్తే రాలేనని చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు.

“ఇది పరదేశాల వాళ్లకు మన అమెరికా ఫుట్‌బాల్ ఎలా ఉంటుందో చూపించడానికి పెట్టిన ఆట. గెలిచినా పతకం లేదు. నేను లేకపోతే ఏం పోయింది?”

“పతకం నాకూ అక్కర్లేదు. నీకు ఇదే ఆఖరి ఆట. ఇవాళ లేవకపోతే జన్మంతా ఆ బెంచీ మీదే ఉండిపోతావు. అది నేను చూడలేను, విల్బర్.”

“మళ్లీ ఎవరికైనా ఏమైనా అయితే?”

హెస్టర్ అతని చేతుల్లో తిరుగుతున్న హెల్మెట్‌ను పట్టి ఆపింది.

“ఒళ్లు ఒళ్లుకు తగిలే ఆట ఇది. ఆ రోజు దిగినవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు,” అని, అతని చొక్కా మెడ సర్ది, మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆమె పక్క సీటులో పసడీనా ఊళ్లో మందుల షాపు నడిపే లావుపాటాయన వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. వెనక వరసలోని ఫిన్లాండ్ పరుగు పందెగాళ్లు, వీళ్లు ఆడేదానికన్నా గుమిగూడి గుసగుసలాడేదే ఎక్కువని నవ్వుకుంటుంటే ఆయనకు ఒళ్లు మండిపోతోంది. హెస్టర్ చూపు బెంచీ మీదే ఉండడం గమనించి, అందులో ఆమె తాలూకు కుర్రాడెవరని అడిగాడు. ఆమె చూపించింది.

“బెంచీని బాగా వెచ్చబెడుతున్నాడే.”

“లేస్తాడు, చూడండి,” అంది హెస్టర్.

నాలుగు భాగాల ఆటలో మూడు గడిచిపోయాయి. ఆఖరి భాగంలో పడమటి జట్టువాడొకడు కుంటుతూ బయటికి వచ్చాడు. కోచ్ బెంచీ వెంట చూస్తూ విల్బర్‌ను దాటేసి, అవతలివాడి పేరు పిలవబోయాడు. అప్పుడు విల్బర్ తనంతట తానే లేచాడు. హెల్మెట్ పెట్టుకుని కోచ్ ఎదుట నిలబడ్డాడు.

మధ్యలో దిగినవాడు ఒక విడత ఆట పూర్తయ్యేదాకా సాటివాళ్లతో పెదవి విప్పకూడదు. కోచ్ రహస్యాలు మోసుకొస్తాడని ఆ నియమం. భయంగా ఉందని చెప్పుకోవడానికైనా విల్బర్‌కు వీల్లేదు. మాట్లాడకుండా వెళ్లి తన చోట నిలబడి, ఒక్కసారి గ్యాలరీ వైపు చూశాడు.

హెస్టర్ లేచి నిలబడింది. వెనకవాళ్లు కూర్చోమన్నా కూర్చోలేదు.

ఎదుటి తూర్పు కాలేజీల జట్టు కుర్రాడు బంతితో పక్కకు తప్పుకుని గోల్ గీత వైపు పరుగెత్తాడు. వాడికీ గీతకీ మధ్య విల్బర్ ఒక్కడే. అర క్షణం విల్బర్ కాళ్లు కదల్లేదు. అంతలోనే ముందుకు దూకి, నడుం పట్టి, వాణ్ణి నేలకు తెచ్చాడు. నవంబరులో పట్టినట్టే పట్టాడు.

కుర్రాడు గడ్డి మీద కదలకుండా పడి ఉన్నాడు. విల్బర్ మోకాళ్ల మీదే ఉండిపోయాడు. హెస్టర్ ముందున్న కమ్మీని పట్టుకుంది.

కుర్రాడు దగ్గాడు. పక్కకు దొర్లి, లేచి, విల్బర్ వీపు మీద ఒక్కటి చరిచి తన జట్టులోకి వెళ్లిపోయాడు.

విల్బర్ కూడా లేచాడు.

హెస్టర్ అప్పుడు కూర్చుంది.

“మీ అబ్బాయి గట్టివాడేనమ్మా,” అన్నాడు పక్కాయన.

హెస్టర్ మైదానం మీంచి చూపు తిప్పలేదు.

“గట్టివాడే,” అంది.

నవంబరులో పడి లేవనివాడు ఆమె కొడుకు.