రెండు గంటల ఎండ

"నిజంగా పీకెయ్యమంటారా అమ్మా? ఇంత కళగా ఉన్నదాన్నా?" తోటమాలి పలుగు గోడకి ఆనించి అడిగాడు.

"పీకెయ్. ఎలాగూ మాడిపోయేదేగా."

చలికాలంలో ఆమె భర్త పోయిననాటికి ఆ పొద ఆకు రాల్చి ఒట్టి పుల్లలుగా ఉంది. ఇప్పుడు కొమ్మకొమ్మకీ బంగారు రంగు ఆకు.

"పొద్దుటెండ తగిలితేనే దీనికీ రంగు. మధ్యాహ్నపు ఎండ పడితే మాత్రం రెండ్రోజుల్లో అంచులు మాడిపోతాయి. రోజూ రెండింటికి చెట్ల సందులోంచి సూటిగా దీని మీదే కొడుతుంది కదా, ఒక్క ఆకూ చెడలేదేం? మీరేమన్నా అడ్డు పెడుతున్నారా?"

"నాకేం పని?" అంది ఆమె.

నిరుడు ఎండాకాలమంతా ఆ వేళకి ఆయనే గొడుగు పట్టుకుని నిలబడేవాడు. "కాసేపు పట్టుకోవే, మంచినీళ్ళు తాగొస్తాను" అని ఒకరోజు అడిగాడు. "మాడితే మాడనివ్వండి, పీడా విరగడవుతుంది" అంది. ఆయన మళ్ళీ అడగలేదు.

మూడు కొట్టింది. పొద మీంచి ఎండ తప్పుకుంది. ఆమె లోపలికి వెళ్ళింది. చీకటి గదిలో తలుపు వెనక, చలికాలం నుంచి ఎవరూ ముట్టని గొడుగు మేకుకి వేలాడుతోంది. గుడ్డ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

పెనంలా కాలుతోంది.

తోటమాలిని పంపించేసింది. మర్నాడు రెండు కాకముందే గొడుగు విప్పుకుని పొద దగ్గరికి వెళ్ళి, పక్కనున్న ఖాళీ జాగాతో మెల్లగా అంది.

"ఇవాళ నేను పడతాలెండి. గట్టు మీద మంచినీళ్ళు పెట్టాను, వెళ్ళి తాగండి."