జపాన్ మీద మొక్కు

"ఆ పిల్ల మీద మొక్కకు బావా! ఆపు!"

పక్క కుర్చీలో మనిషి గబుక్కున చెయ్యి చాపి, టీవీకి దణ్ణం పెట్టి ఏదో అనబోతున్న వీరన్న నోరు మూసేశాడు. వీరన్న బిత్తరపోయాడు. ఆస్పత్రి హాల్లో గోడ మీద టీవీలో ఫిగర్ స్కేటింగ్ పోటీలు వస్తున్నాయి. అమెరికా పిల్ల మంచు మీద నుంచి గాల్లోకి లేచింది, గిర్రున తిరిగింది, దబ్బున పడింది.

వీరన్నకి ముచ్చెమటలు పోశాయి. ఆ చెయ్యి అడ్డం రాకపోతే, 'ఈ పిల్ల పడకుంటే నా గంగాలు బతుకుద్ది' అన్న మొక్కు నోరు దాటేసేదే!

ప్రాణం మీదికొస్తే మనిషి దేన్ని పట్టుకోడు, చెప్పండి! పొద్దున్న పూర్ణా మార్కెట్ దగ్గర ఆటో బోల్తా పడి, అతని పెళ్ళాం గంగాలమ్మ తలకి దెబ్బ తగిలింది. లోపల ఆపరేషన్ జరుగుతోంది. "మా ప్రయత్నం మేం చేస్తాం" అనేసి వెళ్ళిపోయాడు డాక్టరు. వీరన్న పైడితల్లికి మేకపోతు మొక్కాడు. నూకాలమ్మకి చీర మొక్కాడు. కనకమాలక్ష్మికి తన తలనీలాలే మొక్కేశాడు. తెలిసిన దేవతలంతా అయిపోయారు గానీ ఆపరేషన్ గది తలుపు తెరుచుకోలేదు. ఇక కళ్ళెదుట మిగిలింది టీవీ ఒక్కటే.

"పడిపోద్దని నీకెలా తెలుసు?" అన్నాడు వీరన్న.

"అమెరికావోళ్ళంతే బావా. ఎగరడం బాగానే ఎగురుతారు. దిగినప్పుడే తేడా కొట్టేత్తాది."

ఆ మనిషి పేరు వరహాలు. స్టీల్ ప్లాంట్‌లో పని. వీరన్న తనకి చేపల బోటుందని చెప్పుకున్నాడు. గడ్డం మాసిపోయి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అతని కూతుర్ని కూడా ఇక్కడే చేర్చారట. అంతకుమించి అతను చెప్పలేదు, వీరన్న అడగనూ లేదు. ఎవరి ఏడుపు వాళ్ళది.

"అయితే ఏ దేశాన్ని పట్టుకోమంటావు, నువ్వే సెప్పు!"

"కొరియా పిల్ల సక్కగా జారుద్ది గానీ బలం సాలదు. ఇటలీ పిల్లకి సోకెక్కువ, ఆట తక్కువ."

"మరి రష్యా? మీ ప్లాంటుకి సాయం సేసింది ఆళ్ళే అంటారు కదా. గట్టోళ్ళంట."

"రష్యా నాది!" వరహాలు గయ్యిమన్నాడు. "నిషేధమని జెండా లేకుండా ఆడించినా రష్యా రష్యాయే. ఫర్నేసు దగ్గర పని సేసినోణ్ణి, ఆళ్ళ గట్టితనం నాకు తెల్దేటి? నువ్వు జపాన్ని పట్టుకో."

వీరన్నకి ఒళ్ళు మండింది. "మంచిది నువ్వుంచుకుని మిగిలింది నాకిత్తావా? లోపలున్నది నా పెళ్ళాం!"

"నీ బోటు ఇంజను ఏ దేశందేటి?"

"జపాన్‌దే."

"నడి సముద్రంలో ఎప్పుడైనా నిన్ను దిగబెట్టిందేటి?"

వీరన్న ఆలోచించాడు. ఎంత గాలివానలోనైనా ఒడ్డుకి చేర్చిందే తప్ప, ఏనాడూ మొరాయించలేదు. "లేదు" అన్నాడు.

"మరింకేటి? గట్టిగా మొక్కుకో."

వీరన్న టీవీకి రెండు చేతులూ జోడించాడు. "జపాన్ తల్లీ! నువ్వు పడకుండా అందరి కంటే ముందుండు. నా గంగాల్ని బతికించు!"

ముందు రష్యా పిల్ల వచ్చింది. పడలేదు సరికదా, తూలనైనా తూలలేదు. హాల్లో ఉన్నవాళ్ళే చప్పట్లు కొట్టారు. మార్కుల్లో ఆ పిల్ల పేరు అందరి పైకీ వెళ్ళిపోయింది.

వీరన్న వరహాలు చొక్కా పట్టుకున్నాడు. "నా కొంప ముంచేశావు కదరా! రష్యా నాకిచ్చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే కాళ్ళ మీద పడిపోయాడు.

"ఇవ్వను." వరహాలు అతన్ని రెక్క పట్టుకుని లేపి కుర్చీలో కూలేశాడు. "మొక్కింది వదలకు బావా. ఆ పిల్ల వత్తంది, సూడు."

జపాన్ పిల్ల సన్నగా, గాలి తోస్తే పడిపోయేలా ఉంది. మొదటి గెంతు బాగానే గెంతింది. రెండోదీ బాగానే దిగింది. మూడోసారి దిగినప్పుడు ఒళ్ళు ఒక పక్కకి ఒరిగిపోయింది, మోకాలు వంగింది, చెయ్యి మంచు మీదికి వెళ్ళిపోతోంది.

"అయిపోయింది! నా గంగాలు ఎల్లిపోయింది!" వీరన్న కళ్ళు మూసుకుని భోరుమన్నాడు.

"పడదు. కళ్ళు తెరువు."

తెరిచాడు. వరహాలు టీవీ వైపు చూడటమే లేదు, వీరన్న మొహంలోకే చూస్తున్నాడు. అక్కడ ఆ పిల్ల నిలదొక్కుకుని బొంగరంలా తిరుగుతోంది. కాసేపటికి మార్కులు పడ్డాయి. జపాన్ మొదటిది, రష్యా రెండోది.

అప్పుడే ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది.

"గంగాలమ్మ తాలూకు ఎవరండీ?" అంది నర్సు. "ఆపరేషన్ బాగా జరిగింది. గండం గడిచింది, ఏడవకండి."

వీరన్నకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వరహాల్ని వాటేసుకున్నాడు. "జపాన్ గెలిసింది బావా! నా గంగాలు బతికింది! నీ నోరు మంచిది బావా!"

"వరహాలు గారూ!" గుమ్మం దగ్గర నుంచి ఆస్పత్రి మనిషి పిలిచాడు. "అంబులెన్స్ వచ్చిందండి. మీ అమ్మాయి బాడీని మార్చురీ నుంచి తెస్తున్నారు, రండి."

వీరన్న చేతులు జారిపోయాయి.

"ఓలమ్మో! జపాన్ని నాను తీసేసుకున్నాను, ఓడిపోయిన రష్యా నీకు మిగిలింది. నీ కూతుర్ని నానే సంపేశాను బావా!" అని తల బాదుకున్నాడు.

వరహాలు ఆ చేతులు పట్టుకుని ఆపాడు.

"నీ తప్పేటీ లేదు. ఇది నిన్నటి ఆటే బావా, మళ్ళీ ఏత్తన్నారు. నిన్న ఇక్కడే కూకుని, నాను మొక్కుకుంది కూడా జపాన్ మీదే."