ఇరవై నాలుగో గేరు

ఆమెకు భర్తతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. డబ్బు పెట్టి కొన్న వస్తువును పిప్పి చేసేదాకా వదలడు.

టూత్‌పేస్టు ట్యూబును కత్తెరతో కోసి మరీ లోపల గీకుతాడు. ఖాళీ షాంపూ సీసాలో నీళ్ళు పోసి ఊపుతాడు.

అలాంటి మనిషి చేతికి ఇరవై నాలుగు గేర్ల సైకిలు వచ్చింది.

ఆయన నీళ్ళ మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి. కొండ మీది వీధులకు వెళ్ళడానికి ఒప్పుకున్నవాళ్ళకు గేర్ల సైకిలు సగం ధరకే ఇప్పిస్తామని ఆఫీసు ప్రకటించింది. ‘సగం ధర’ దగ్గరే ఆయన చెయ్యెత్తేశాడు. తర్వాతి వాక్యం చెయ్యి దించాక వినపడింది. రెండు నెలల్లో ఆ వీధులన్నీ పూర్తి చెయ్యలేకపోతే దూరపు ఊరికి బదిలీ!

కూతురు బడి చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. బదిలీ అయితే ఆయనొక ఊళ్ళో, తల్లీకూతుళ్ళు ఇంకో ఊళ్ళో.

సైకిలు గుమ్మంలోకి వచ్చింది.

“స్టాండేదండీ?”

“ఉండదట.”

“క్యారియరు?”

“అదీ ఉండదట. కొండ సైకిలు కదా, బరువు తగ్గాలట.”

“మరి బెల్లు?”

“అరవాలేమో.”

ఉచితంగా ఇచ్చిన హెల్మెట్టు మాత్రం ఉంది. పెట్టుకుంటే కనుబొమల దాకా దిగింది.

“ఎడమచేతి దగ్గర మూడు అంకెలు, కుడిచేతి దగ్గర ఎనిమిది. మూడెనిమిదులు ఇరవై నాలుగు” అన్నాడు గర్వంగా.

“ఇందులో కొండెక్కడానికి ఏది?”

ఆయన తెల్లముఖం వేశాడు. కొట్టువాడు చెప్పాడు గానీ, ఆ సమయంలో ఈయన హెల్మెట్టు పట్టీతో కుస్తీ పడుతున్నాడు.

“ఇందులో ఆలోచించడానికేముంది? ఫ్యాను అయిదు మీద పెడితేనే కదా గాలి వచ్చేది! అన్నిటికంటే పెద్ద అంకె పెట్టండి” అంది ఆమె. ఆమె డిగ్రీ చదివింది.

“అదీ నిజమే. ఇరవై నాలుగింటికీ డబ్బు కట్టి ఒకటో నంబరు మీద పోతానా?”

మొదటిరోజు కుంటుతూ వచ్చాడు.

“సైకిలు కొండెక్కిందా?”

“ఎక్కలేదే. నేనే తోసుకుంటూ ఎక్కించాను.”

ఆమె మోకాళ్ళకు మందు రాస్తుంటే చెప్పాడు. “అక్కడొక పెద్దావిడ ఉందే. తుప్పు పట్టిన సైకిలు, ముందు బుట్ట, బుట్ట నిండా కూరగాయలు. నన్ను దాటుకుని పైకి పోయింది.”

“మోటారు పెట్టించుకుందేమో.”

“వంగి చూశాను. లేదు. పైగా ‘రెండు చేతులా ఒకటి పెట్టుకో నాయనా’ అంటుంది.”

“పాపం, వయసు మీద పడిందేమో.”

వారం గడిచింది. గొలుసు నాలుగుసార్లు ఊడింది. తోసుకుంటూ పైకి చేరేసరికి మధ్యాహ్నమవుతోంది.

“ఇవాళ పెద్దావిడ ఇంకో సలహా ఇచ్చింది. కింది నుంచి రీడింగు తీస్తూ ఎక్కకూడదట. పొద్దున్నే తిన్నగా పైకి పోయి, దిగుతూ తియ్యాలట. ఎప్పుడు చేరావు, ఎన్ని వీధులైనాయి అని ఆరా కూడా తీసింది.”

మందు రాస్తున్న ఆమె చెయ్యి ఆగింది. “ఆరా తీసిందా? ఆఫీసుకు ఫిర్యాదు చెయ్యడానికే. రేపు కనిపిస్తే ‘మీ పని మీరు చూసుకోండమ్మా’ అని మొహం మీద చెప్పండి.”

“పెద్దావిడతో అలా ఎలాగే?”

“బదిలీ అయ్యాక చెబుతారా?”

మర్నాడు చెప్పాడు. పెద్దావిడ “సరే నాయనా” అని పైకి వెళ్ళిపోయిందట.

గడువు ఇంకో రెండు రోజులుందనగా ఆ పెద్దావిడ ఆఫీసులో సూపర్‌వైజరు గదిలోంచి బయటికి రావడం ఆయన కళ్ళారా చూశాడు.

“చెప్పానా!” అంది ఆమె.

గడువు ముగిసింది. పదకొండు వీధులు మిగిలిపోయాయి. ఆమె పెట్టె దించి ఆయన చొక్కాలు సర్దింది. కానీ బదిలీ కాగితం రాలేదు. సూపర్‌వైజరు ఈయన్ని పిలిచి “ఇంకో నెల చూద్దాం” అన్నాడు.

“ఎందుకన్నాడు?”

“తెలియదే.”

“ఫిర్యాదు చేస్తే ఎవరైనా గడువు పొడిగిస్తారా?”

“అదే నాకూ అర్థం కావడం లేదు.”

ఆ వారంలోనే ఒకరోజు మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, రెండు చేతుల దగ్గరా గేరు ఒకటికి తిప్పాడు. కాళ్ళు గిర్రున తిరిగాయి. సైకిలు నత్తలాగే కదిలింది కానీ, ఆగకుండా పైదాకా కదిలింది. మర్నాటి నుంచి రీడింగులు దిగుతూ తీశాడు. ఇరవై రోజుల్లో అన్ని వీధులూ అయిపోయాయి.

“ఆవిడతో ఒక్కమాట చెప్పి రావాలే” అని వెళ్ళాడు.

సాయంత్రం వచ్చి, హెల్మెట్టు తియ్యకుండానే గుమ్మంలో కూర్చున్నాడు.

“ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. మీటరు మూసెయ్యమని అర్జీ ఇచ్చి పది రోజులైందట. ఎక్కడికి వెళ్ళిందో ఆఫీసులో ఎవరికీ తెలియదు.”

“పోనీలెండి, ఫిర్యాదు చేసిన మనిషేగా.”

“ఫిర్యాదుకు రాలేదటే. సూపర్‌వైజరు ఇవాళ చెప్పాడు. ‘ఆ కొండ కాళ్ళకు పట్టుబడాలంటే మూడు నెలలు కావాలి, నాకూ అంతే పట్టింది, ఆ అబ్బాయికి ఇంకో నెల ఇవ్వండి’ అని అడగడానికి వచ్చిందట.”

“నాకూ అంటే?”

ఆయన హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నాకంటే ముందు ఇరవై ఆరేళ్ళు ఆ కొండమీద మీటర్లు చూసింది ఆవిడేనట.”

ఆమె వచ్చి ఆయన పక్కనే గుమ్మం మీద కూర్చుంది.

“‘మీ పని మీరు చూసుకోండి’ అని మీచేత ఆవిణ్ణి అనిపించింది నేనండీ. తప్పు నాదే.”