మూడోసారి జారిన తలుపు

“మూడు నెలల్లో మూడుసార్లు. అసలు బిగిస్తున్నావా, బిగించినట్టు నటిస్తున్నావా?”

ఆమె అలా నిలదీసినా ఇంటికొచ్చిన మెకానిక్ నొచ్చుకోలేదు. పాత కారు డ్రైవర్ వైపు తలుపు తెరిచి, అడుగున చెయ్యి పెట్టి పైకెత్తాడు. తలుపు వేలెడంత లేచి, వదలగానే కిందికి జారింది. ఎంత నెట్టినా మూసుకోవడం లేదు.

“కిందటిసారి కీలు పిన్నులు కొత్తవే వేశానమ్మా. తలుపుని జాకీ మీద ఎత్తి, సమంగా నిలబెట్టి బిగించాను. కదిలితే తెలియాలని బోల్టు మీంచి కీలు మీదికి తెల్లరంగుతో గీత గీశాను. ఇప్పుడు చూడండి.”

ఆమె వంగి చూసింది. గీత రెండు ముక్కలై, ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంది.

“అంటే?”

“వాటంతటవి వదులవలేదు. ఎవరో పానా పెట్టి తిప్పారు.”

ఆమెకి ఒళ్ళు మండింది. మొదటిసారి తాము అక్క వాళ్ళ ఊరికి బయల్దేరే ముందు తలుపు జారింది. రెండోసారి, నిండు చూలాలైన కూతుర్ని డాక్టరుకి చూపించాల్సిన రోజున. రేపు ఆ కూతురు నాలుగు రోజుల పసిగుడ్డుతో ఆస్పత్రి నుంచి ఇంటికి రావాలి. ఎవరో తమ ప్రయాణాలు కనిపెట్టి మరీ చేస్తున్నారు.

మేడమీద అద్దెకున్నాయన కారు అడ్డమని ఎప్పుడూ సణుగుతాడు. మరిది సంగతి చెప్పనే అక్కర్లేదు. “ఆ డొక్కు బండి నాకిచ్చెయ్యండి వదినా” అని ఏడాదిగా ప్రాణం తీస్తున్నాడు.

మెకానిక్ మళ్ళీ బిగించి వెళ్ళాక ఆమె లోపలికెళ్ళి భర్తని లేపింది. ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఊళ్ళో సగం మంది ఆయన చేత తిట్లు తిని స్టీరింగ్ పట్టినవాళ్ళే.

“తలుపు బాగైందండీ. రేపు మనవణ్ణి మన బండిలోనే తెచ్చుకుందాం.”

“టాక్సీ చెప్పేస్తే పోతుందిగా.”

“మీరుండగా టాక్సీ ఎందుకు?”

ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

తలుపుని ఎవరో కావాలనే వదులు చేస్తున్నారని ఆమె ఆయనకి చెప్పలేదు. మధ్యాహ్నం వంటింటి కిటికీ ఓరగా వేసి, వెనక కాపలా కూర్చుంది. మేడమీదాయన మెట్లు దిగాడు, కారు దగ్గర ఆగాడు. ఆమె ఊపిరి బిగబట్టింది. ఆయన చెప్పులో రాయి దులుపుకుని తన దారిన తాను పోయాడు.

కాసేపటికి ఇంకొకరు పానాతో వచ్చి, తలుపు తెరిచి, కీలు దగ్గర కూర్చున్నారు.

ఆమె గబగబా బయటికొచ్చింది.

“మీరా?”

భర్త లేవలేదు. పానా బోల్టు మీదే ఉంది.

“పసిబిడ్డ ఇంటికొచ్చే బండండీ అది. ఎందుకిలా చేస్తున్నారు?”

ఆయన పానా తీసి కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“నాకు రోడ్డు కనబడటం లేదే.”