ఐదో దట్టీ

మూడో ఏడు కూడా ఓబులేసు తెల్లచొక్కా మీద మసి మరక పడలేదు.

పడలేదంటే నెగ్గినట్టే. నంద్యాలలో కుస్తీలూ కర్రసామూ నేర్పే ఆ తాలింఖానాలో పరీక్ష అదే. ముగ్గురి కర్రల కొసలకు గుడ్డ చుట్టి, మసి కలిపిన నూనెలో ముంచుతారు. గడియసేపు ఆ ముగ్గురి మధ్య నిలబడి, వేసుకున్న తెల్లచొక్కాను తెల్లగానే బయటికి తెచ్చుకున్నవాడు నల్లదట్టీకి తగినవాడు. ఆ గుడ్డ నడుముకు కట్టుకుంటేనే ఇంకొకరికి సాము నేర్పే హక్కు.

అన్నీ ఉన్నాయి, ఓబులేసు నడుము మాత్రం బోడిగానే ఉంది.

ఆ తాలింఖానాకు ఉన్నవి ఐదంటే ఐదే దట్టీలు. ఆరోది కుట్టించకూడదు. కట్టుకున్నవాళ్ళలో ఒకరు తమ చేత్తో విప్పి కడితేనే కొత్తవాడికి. నాలుగు దట్టీలు కళ్ళెదుటే తిరుగుతున్నాయి, వాళ్ళెవరూ విప్పే వయసులో లేరు. ఐదోది ఇరవై ఐదేళ్ళ కిందట ఆళ్లగడ్డ వైపు పోయి, పోయినట్టే ఉండిపోయింది.

ఇదంతా జరిగింది కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో.

"ఆ ఐదోవాడు యాడుంటాడో చెప్పు ఉస్తాద్. పోయి కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు ఓబులేసు. అడగడం ఎన్నోసారో వాడికే గుర్తు లేదు.

ఉస్తాదు సంజీవయ్య మీసాల్లోనే నవ్వుకున్నాడు.

"దట్టీని అడగకూడదప్పా. దానంతట అదే రావాల. వచ్చిన దట్టీ గడప కాడ్నించి తిరిగిపోతే మాత్రం, ఇంగ జన్మలో పిలవకూడదు."

"మా నాయన ఉగాది దాకా చూస్తానన్నాడు. అప్పటికీ దట్టీ లేకుంటే వచ్చి చేన్లో మడక పట్టి దున్నమన్నాడు. ఆళ్లగడ్డలో తాలింఖానా పెడతానని ఊరంతా చెప్పుకోని తిరిగితి."

"ఉగాదికి ఇంకా పది దినాలుండాయి గదా. రేపు నాకు బస్సుల కాడ పనుంది. నువ్వు గడప కాడ్నే ఉండు."

మర్నాడు ఓబులేసు గడప కాపలా కాశాడు. మూడుసార్లు నెగ్గినవాడికి దక్కిన ఉద్యోగం అది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక, గాలిని కర్రతో బాదుతున్నాడు.

తొమ్మిదింటికి ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. ఎండకు కొంగు నెత్తిన వేసుకుంది, కాళ్ళనిండా దుమ్ము. ఎవరినీ అడక్కుండా నేరుగా లోపలికి పోబోయింది.

ఓబులేసు కర్ర అడ్డం పెట్టాడు.

"ఏందమ్మా, యాడికి పోతాండావు? ఆడోళ్ళు తొక్కే మట్టి కాదిది."

"అట్లనా. ఎవురు పెట్టినారు ఆ కట్టడి?"

"పెద్ద ఉస్తాదు. ఆయప్ప పోయి పదేండ్లాయ. అడగాలంటే ఆడికే పో."

ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. మళ్ళీ సర్దుకుంది.

"సంజీవయ్యన్న లేడా?"

"లేడు."

"వచ్చేదాకా ఉంటాలే. రవ్వన్ని నీళ్ళిస్తావా నాయనా?"

"ఎదురుగా బావి ఉండాది. చేదుకో."

చేదుకుని తాగింది. వచ్చి అరుగు చివర కూర్చుని, రెప్ప వేయకుండా వాడి సాము చూడసాగింది. అది వాడికి మరీ ఒళ్ళుమంట.

"బాగా తిప్పుతాండావే. నీకింకా దట్టీ కట్టలేదా?"

అడగకూడని మాట అడిగింది. మూడేళ్ళుగా లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారి బయటపడింది.

"యాడ కడతారు? ఐదోవాడు ఒకడుండాడు, పిరికి నాయాలు. దట్టీ కట్టుకోని పారిపోయి, యాడనో పెండ్లాం కొంగు పట్టుకోని పండుకున్నాడు. ఒకనికి నేర్పింది లేదు, విప్పి ఇచ్చిందీ లేదు."

"నేర్పే వీలు లేని ఇంట్లో పడినాడేమో పాపం."

"మగోనికి వీలేందమ్మా? కనపడనీ, ఆ దట్టీతోనే కట్టి ఈడ్చుకొస్తా."

"అంత శ్రమెందుకులే," అందామె. "మాట చెప్తా విను. కర్ర ఎనక్కి తిప్పేటప్పుడు నీ ఎడమ మడమ లేస్తాండాది. తెలిసినోడైతే ఆ సందులోనే కొడతాడు."

లోపల దండాలు తీస్తున్న కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి.

"రోకలి తిప్పే చేతులు నాకు కర్ర నేర్పుతాయా? ఇది నీ వంటిల్లు కాదు. లేచి పో. పోయి వడ్లు దంచుకో."

ఆమె లేచింది. కొంగు సర్దుకుంది. వాడిని ఎగాదిగా చూసింది. కోపంగా కాదు. నిగనిగలాడే వంకాయను చేతికి తీసుకుని, పుచ్చు కనబడి మళ్ళీ గంపలో పెట్టేసిన మనిషి చూసినట్టు చూసింది.

"సంజీవయ్యన్నకు చెప్పు, వచ్చి పోయినానని."

"ఎవురొచ్చినారని చెప్పాల?"

ఆమె అప్పటికే అరుగు దిగి వీధిలో పడింది. వీధి మలుపులో ఎద్దుల గజ్జెలు మోగాయి, దూరమయ్యాయి.

మధ్యాహ్నం దాటాక సంజీవయ్య వచ్చాడు. ఒంటి నిండా చెమట, ఒక చేతిలో పూలమాల, ఇంకో చేతిలో కలకండ పొట్లం. ఆ ముసలి ముఖంలో పెళ్ళివారింటి కళ.

"మూడు బస్సులు చూసినా, దిగలా. ఎద్దులబండిలో వచ్చిందని సంతలో చెప్పినారు," అంటూ లోపలికి తొంగిచూశాడు.

"ఎవురు ఉస్తాద్?"

"కట్టించుకునేవానికి ముందుగా చెప్పకూడదు. అందుకే నిన్న నోరు కట్టుకున్నా. ఆయమ్మ తర్వాత ఇంకో ఆడమనిషిని ఈ మట్టి తొక్కనీలేదు పెద్ద ఉస్తాదు." మాలకు చుట్టిన ఆకు విప్పుతూ సంజీవయ్య అడిగాడు.

"మన ఐదో దట్టీ, పెద్ద ఉస్తాదు కూతురు రామేశ్వరమ్మ, విప్పి నీ నడుముకు కట్టేదానికి వచ్చిండాది గదా, యాడ కూర్చోబెట్టినావప్పా?"